లోటే గురువు

యలమంచిలిలో రాత్రి రుబ్బి ఉంచిన ఇడ్లీపిండి తెల్లవారేసరికి గిన్నె అంచును తాకుతుంది. దాన్ని ఎవరూ వింతగా చూడరు. ఎండాకాలం తొందరగా పులుస్తుందని, చలికాలం గిన్నెను పొయ్యికి దగ్గరగా పెట్టాలని మాత్రం అందరికీ తెలుసు. పప్పునూ బియ్యాన్నీ అంటిపెట్టుకుని వచ్చిన బ్యాక్టీరియా ఆ కొద్ది గంటల్లో వేల రెట్లు పెరుగుతుంది. వాటిలో ల్యూకోనాస్టాక్ మెసెంటరాయిడిస్ గాలిని పుట్టించి పిండిని పొంగిస్తే, స్ట్రెప్టోకాకస్ ఫీకాలిస్ లాంటివి పులుపు పుట్టిస్తాయి. పాలు తోడుకోవడానికీ, ఒకప్పుడు మన ఇళ్లలో ఓ మూల ఉండే తరవాణి కుండ పులియడానికీ కారణం ఇలాంటి సూక్ష్మజీవులే.

ఈ పులుపు బ్యాక్టీరియాకు ఒక బలహీనత ఉంది. తమకు కావలసిన బి విటమిన్లలో చాలావాటిని ఇవి సొంతంగా తయారు చేసుకోలేవు. తరతరాలుగా పాలలో, పిండిలో, కుళ్లే ఆకుల్లో బతికినవి కనుక కావలసినవన్నీ వాటికి సిద్ధంగా దొరికాయి. దొరికేదాన్ని తయారు చేసుకునే శ్రమ ఎందుకని కాబోలు, ఆ విద్యలు ఒక్కొక్కటే వాటి నుంచి జారిపోయాయి. మన పేగుల్లో ఉండే ఈ-కోలై అలా కాదు. కాస్త చక్కెర, కొన్ని లవణాలు ఇస్తే చాలు, మిగిలినదంతా అదే చేసుకుంటుంది. ఎవరి మీదా ఆధారపడదు. అయితే ఏ విటమిన్ దేనికి పనికొస్తుందో మనిషికి చెప్పింది ఈ స్వయంసమృద్ధ జీవి కాదు. ఏదో ఒకటి లేకపోతే ముందుకు కదలలేని పులుపు బ్యాక్టీరియా చెప్పింది. ఉన్నదాని విలువ లేనివాడే చెప్పగలడన్నది మనుషుల విషయంలో పాత మాటే. ప్రయోగశాలలోనూ అదే నిజమైంది.

ఆ కథలో ముఖ్యమైన ఘట్టం ఒక తెలుగువాడి చేతుల మీదుగా నడిచింది. ఆరంభం మాత్రం బొంబాయిలో. 1928లో లూసీ విల్స్ అనే ఇంగ్లండు వైద్యురాలు అక్కడికి వచ్చి, బట్టల మిల్లుల్లో పనిచేసే పేద గర్భిణులకు వచ్చే తీవ్రమైన రక్తహీనతను పరిశీలించారు. వారి రక్తకణాలు సంఖ్యలో తక్కువ, పరిమాణంలో పెద్దవి. ఈస్టు నుంచి తీసిన మార్మైట్ అనే చవకైన పదార్థం తినిపిస్తే వారు కోలుకుంటున్నారని 1931లో ఆమె ప్రకటించారు. అందులో ఉన్నదేమిటో అప్పటికి ఎవరికీ అంతుపట్టలేదు. పదేళ్ల తరువాత, 1941లో, అమెరికాలోని టెక్సాస్ విశ్వవిద్యాలయంలో మిచెల్, స్నెల్, విలియమ్స్ నాలుగు టన్నుల పాలకూరను వడకట్టి, వడకట్టి, ఆ పదార్థాన్ని దాదాపు శుద్ధంగా బయటికి తీశారు. ఆకుల్లో దొరికింది కనుక దానికి ఫోలిక్ ఆమ్లం అని పేరు పెట్టారు.

అంత పాలకూరలో ఆ పిసరంత పదార్థం ఎక్కడుందో వారికి ఎలా తెలిసింది? తూకం వేసే సాధనం అప్పట్లో బ్యాక్టీరియాయే. గాజు గొట్టంలో ఆ ఒక్క విటమిన్ తప్ప మిగిలిన ఆహారమంతా పెడతారు. అందులో బ్యాక్టీరియాను వేసి, పరీక్షించాల్సిన రసం ఒక చుక్క కలుపుతారు. రసంలో విటమిన్ ఉంటే గొట్టం మసకబారుతుంది, పులుపు పెరుగుతుంది. లేకపోతే ద్రవం తేటగా ఉండిపోతుంది. ఎంత మసకబారిందో కొలిస్తే ఎంత విటమిన్ ఉందో తెలుస్తుంది. ఈ పనికి వాడినవి ముఖ్యంగా రెండు. ఒకటి జున్నులో, పులిసిన పాలలో ఉండే లాక్టోబాసిల్లస్ కేసీ. రెండోది మన ఇడ్లీపిండిలోని జీవిని పిలిచిన పేరుతోనే ఆనాటి పరిశోధకులు పిలిచిన స్ట్రెప్టోకాకస్ ఫీకాలిస్. గ్రాములో కోట్ల వంతు విటమిన్‌ను కూడా పసిగట్టగల యంత్రం ఆ రోజుల్లో ఇంకొకటి లేదు.

భీమవరంలో 1895 జనవరి 12న పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు ఈ కథలోకి వచ్చింది ఇక్కడే. మెట్రిక్యులేషన్ మూడో ప్రయత్నంలో గట్టెక్కిన కుర్రవాడాయన. మద్రాసు వైద్య కళాశాలలో ఖద్దరు కోటు తొడిగి తెల్లదొర ప్రొఫెసరు ఆగ్రహానికి గురై, ఎం.బి.బి.ఎస్. బదులు చిన్న పట్టాతో సరిపెట్టుకోవలసి వచ్చింది. స్ప్రూ అనే పేగుల జబ్బు సోదరులను పొట్టన పెట్టుకుంది, ఆయననూ పీడించింది. మామగారి సాయంతో, కాకినాడ మల్లాడి సత్యలింగ నాయకర్ ధర్మసంస్థ ఇచ్చిన భరోసాతో 1922 అక్టోబరులో బోస్టన్‌లో కాలుపెట్టారు. ఆసుపత్రిలో రాత్రిపూట చిన్నాచితకా పనులు చేసుకుంటూ హార్వర్డ్‌లో చదివారు. అక్కడి పరిశోధకుడు ఫిస్క్‌తో కలిసి రక్తంలో, మూత్రంలో భాస్వరాన్ని కొలిచే పద్ధతిని 1925లో ఇచ్చారు. దాన్ని ఇప్పటికీ ఇద్దరి పేరు మీదే పిలుస్తారు. కండరానికి శక్తినిచ్చే ఏటీపీని 1929లో కనుగొన్నవారిలో వీరిద్దరూ ఉన్నారు. ఆ ఏటీపీ శక్తి నాణెమే కాదు, ఆర్‌ఎన్‌ఏ తయారీకి వాడే నాలుగు ముడి సరుకుల్లో ఒకటి కూడా. అంటే డీఎన్‌ఏ, ఆర్‌ఎన్‌ఏ అనే న్యూక్లిక్ ఆమ్లాల ఇంటి గుమ్మాన్ని ఆయన ఫోలిక్ ఆమ్లం కంటే ముందే తొక్కారన్నమాట.

1940లో సుబ్బారావు హార్వర్డ్ వదిలి, న్యూయార్క్ రాష్ట్రం పెర్ల్ రివర్‌లోని లెడర్లీ మందుల సంస్థలో చేరారు. కొద్దికాలంలోనే అక్కడి పరిశోధనకు అధిపతి అయ్యారు. ఆయన నడిపిన బృందం కాలేయం నుంచీ, ఒక బ్యాక్టీరియాను పులియబెట్టిన ద్రవం నుంచీ ఫోలిక్ ఆమ్లాన్ని వేరుచేసింది. 1945లో దాన్ని రసాయనికంగా తయారు చేసి చూపింది, మరుసటి ఏడాది నిర్మాణాన్ని పూర్తిగా వివరించింది. పదిమందికి పైగా శాస్త్రవేత్తలు సంతకం చేసిన ఆ పత్రాల్లో ఈ పదార్థాన్ని పిలిచిన పేరు గమనించదగ్గది. కాలేయంలోని ఎల్. కేసీ కారకం అన్నారు. మనిషి రక్తానికి ప్రాణం పోసే మందు తయారైన వార్త లోకానికి అందింది ఒక పులుపు బ్యాక్టీరియా పేరు మీద.

ఇంతకీ ఆ బ్యాక్టీరియాకు ఫోలిక్ ఆమ్లంతో ఏమి పని? 1944లో స్టోక్స్ అనే శాస్త్రవేత్త చేసిన ప్రయోగం దీనికి సూటిగా జవాబు చెప్పింది. ఫోలిక్ ఆమ్లం బొత్తిగా లేని గొట్టంలో థైమిన్‌నూ, ప్యూరిన్ క్షారాలనూ వేస్తే స్ట్రెప్టోకాకస్ చక్కగా పెరిగింది. థైమిన్, ప్యూరిన్లు డీఎన్‌ఏలోని అక్షరాలు. తయారైన అక్షరాలు చేతికి అందితే విటమిన్‌తో అవసరమే లేకుండా పోయిందంటే, ఆ విటమిన్ చేసే పని ఆ అక్షరాలను తయారు చేయడమేనని తేలింది. గమ్మత్తేమిటంటే, న్యుమోనియా బ్యాక్టీరియాలో వంశ లక్షణాలను మోసేది డీఎన్‌ఏయేనని ఏవరీ, మెక్‌లియోడ్, మెకార్టీ ప్రకటించిందీ ఆ 1944లోనే. డీఎన్‌ఏ రూపం ఎలా ఉంటుందో తెలియడానికి ఇంకా తొమ్మిదేళ్లు ఉంది. ఇల్లు ఎలా ఉంటుందో తెలియకముందే దాని సామగ్రి ఎక్కడి నుంచి వస్తుందో పులుపు బ్యాక్టీరియా చెప్పేసింది.

కణంలోకి వెళ్లాక ఫోలిక్ ఆమ్లం చేసేది తాపీమేస్త్రీకి ఒక్కొక్క ఇటుక అందించే కూలీ పని. దాని ఇటుక ఒకే ఒక కార్బన్ పరమాణువు. ఎక్కడో దొరికిన కార్బన్‌ను పట్టుకుంటుంది, కావలసిన చోట దించుతుంది, ఖాళీ చేతులతో వెనక్కి వెళ్తుంది. ప్యూరిన్ వలయంలో రెండు కార్బన్లు ఇలా వచ్చి చేరినవే. ఆర్‌ఎన్‌ఏలో యురాసిల్ ఉండే చోట డీఎన్‌ఏలో థైమిన్ ఉంటుంది. ఆ రెండింటికీ తేడా ఒక్క మిథైల్ గుంపు. దాన్ని తెచ్చి అతికించేదీ ఇదే. ఈ-కోలై జన్యుపటంలో దాదాపు 46 లక్షల అక్షర జంటలు ఉంటాయి. అది ఒకసారి రెండుగా చీలాలంటే దాదాపు 23 లక్షల థైమిన్లు కొత్తగా కావాలి. అనుకూలమైన చోట ఆ చీలిక ఇరవై నిమిషాలకోసారి జరుగుతుంది. ఇంత పనిని కొద్దిపాటి విటమిన్ ఎలా మోస్తుందంటే, అది ఖర్చయిపోయేది కాదు, తిరిగి తిరిగి పనిచేసేది. అయితే థైమిన్ దగ్గర కార్బన్‌ను దించిన ప్రతిసారీ దాని రూపం కాస్త మారిపోతుంది. డైహైడ్రోఫోలేట్ రిడక్టేజ్ అనే ఎంజైమ్ దాన్ని మళ్లీ పని చేయగల రూపానికి తేవాలి. ఈ చిన్న మెలికను గుర్తుంచుకుందాం, తరువాతి కథంతా దాని మీదే నడుస్తుంది.

ఫోలిక్ ఆమ్లం ఒంటరిగా పనిచేయదు. అది మోసే కార్బన్‌లో ఎక్కువ భాగం సెరీన్ అనే అమైనో ఆమ్లం నుంచి వస్తుంది. దాన్ని సెరీన్ నుంచి విడదీసే ఎంజైమ్‌కు బి6 కావాలి. ఫోలిక్ ఆమ్లాన్ని మళ్లీ పనిలోకి తెచ్చే ఎంజైమ్‌కు నియాసిన్ అనే బి విటమిన్ నుంచి తయారయ్యే సహాయకం కావాలి. థైమిన్ లాంటి పిరిమిడిన్ అక్షరాలకు ముడి సరుకైన ఆస్పార్టిక్ ఆమ్లం చాలా బ్యాక్టీరియాలో బయోటిన్ అనే మరో బి విటమిన్ సాయంతో మొదలవుతుంది. అందుకే బయోటిన్ కొరతను ఆస్పార్టిక్ ఆమ్లం కొంతవరకు తీర్చగలదు. బి12 కథ ఇంకా విచిత్రం. మేరీ షార్బ్ అనే అమెరికన్ శాస్త్రవేత్త కాలేయంలోని ఈ విటమిన్‌ను మరో లాక్టోబాసిల్లస్ పెరుగుదలతో కొలిచే పద్ధతి కనిపెట్టగా, దాని ఆసరాతోనే 1948లో మెర్క్ మందుల సంస్థ శాస్త్రవేత్తలు ఆ ఎర్రటి స్ఫటికాలను చేజిక్కించుకున్నారు. బి12 బదులు థైమిన్ రూపమైన థైమిడిన్ ఇచ్చినా కొన్ని లాక్టోబాసిల్లస్‌లు పెరుగుతాయని అదే ఏడాది తేలింది. కారణం తరువాత తెలిసింది. ఆర్‌ఎన్‌ఏ ముడిసరుకును డీఎన్‌ఏ ముడిసరుకుగా మార్చే ఎంజైమ్‌కు ఆ బ్యాక్టీరియాలో బి12 తప్పనిసరి. అది చాలకపోతే ఆర్‌ఎన్‌ఏ, మాంసకృత్తులు తయారవుతూనే ఉంటాయి, డీఎన్‌ఏ మాత్రం వెనకబడుతుంది. దాంతో కణం చీలలేక పొడుగ్గా, దారంలా సాగిపోతుంది.

లూసీ విల్స్ చూసిన గర్భిణుల రక్తంలో ఉన్నదీ దాదాపు ఇలాంటి చిత్రమే. ఎముక మజ్జలో రక్తకణం కావలసిన కణం ఒళ్లు పెంచుకుంటుంది కానీ డీఎన్‌ఏ సిద్ధం కాక చీలలేకపోతుంది. అందుకే కణాలు పెద్దవి, సంఖ్యలో తక్కువ. మన ఒంట్లో బి12 నడిచే దారి బ్యాక్టీరియాలోని దారి కాదు, మనలో అది ఫోలిక్ ఆమ్లాన్ని చిక్కుముడి నుంచి విడిపించే పని చేస్తుంది. దారి వేరైనా లోటు చూపే ఫలితం ఒకే పోలికలో ఉంది. ఇక బి12ను ఏ మొక్కా, ఏ జంతువూ తయారు చేయలేదు. లోకంలో దాన్ని తయారు చేసేవి బ్యాక్టీరియా, వాటి దూరపు చుట్టాలైన ఆర్కియా మాత్రమే. ఆవు పాలలో ఉన్న బి12 ఆవుది కాదు, దాని పొట్టలోని సూక్ష్మజీవులది. పులుపు బ్యాక్టీరియా పరాధీనమని జాలిపడే ముందు మన సంగతి మనం చూసుకోవాలి.

ఈ విటమిన్లకూ న్యూక్లిక్ ఆమ్లాలకూ ఉన్న చుట్టరికం ఒకవైపుది కాదని 2002లో మరో సంగతి బయటపడింది. చాలా బ్యాక్టీరియాలో బి1, బి2, బి12 తయారీకో, లోపలికి తెచ్చుకోవడానికో సంబంధించిన ఆర్‌ఎన్‌ఏ ముక్కలు ఆ విటమిన్ తాలూకు అణువును తామే నేరుగా పట్టుకుంటాయి. తగినంత ఉందని తేలితే మడత పడి ఆ తయారీని ఆపేస్తాయి. విటమిన్లు అక్షరాలను తయారు చేయిస్తాయి, ఆ అక్షరాలతో అల్లిన ఆర్‌ఎన్‌ఏ విటమిన్ చాలు అంటుంది. ఎంత కావాలో అంతే. లోటును గుర్తించడం, తీరాక ఆపడం రెండూ అంత చిన్న జీవికీ తెలుసు.

ఆపడం అనే రెండో సగమే వైద్యానికి గొప్ప వరమైంది. 1930లలో వచ్చిన సల్ఫా మందులు బ్యాక్టీరియాను ఎలా అణుస్తున్నాయో మొదట తెలియలేదు. 1940లో డొనాల్డ్ వుడ్స్ చిక్కు విప్పారు. చాలా బ్యాక్టీరియా ఫోలిక్ ఆమ్లాన్ని సొంతంగా తయారు చేసుకుంటుంది. దానికి వాడే ఒక ముడిసరుకును సల్ఫా మందు అచ్చంగా పోలి ఉంటుంది. ఎంజైమ్ దాన్ని పట్టుకుని మోసపోతుంది, ఫోలిక్ ఆమ్లం తయారీ ఆగుతుంది, అక్షరాలు కరవై చీలిక నిలిచిపోతుంది. మరి రోగికి ఏమీ కాదా? మనిషి ఫోలిక్ ఆమ్లాన్ని తయారు చేసుకోలేడు, తిండి నుంచే తెచ్చుకోవాలి. కాబట్టి ఆ తయారీని ఆపే మందు మనకు తగలదు. మన పరాధీనతే ఇక్కడ మనకు కవచం. సొంతంగా చేసుకోగలిగిన బ్యాక్టీరియా ఆ బలం దగ్గరే దెబ్బ తింది.

ఈ ఎత్తుకు బ్యాక్టీరియా దగ్గర పైఎత్తూ ఉంది. పుండులో చీము నిండితే, చచ్చిన కణాల నుంచి థైమిడిన్, ప్యూరిన్లు అక్కడ పోగవుతాయి. తయారైన అక్షరాలు దొరికాక విటమిన్ లేకపోయినా నడిచిపోతుంది. స్టోక్స్ గాజు గొట్టంలో చూసింది రోగి కాలి పుండులోనూ జరుగుతుంది. చీమును తీసి పుండును కడగనిదే సల్ఫా మందు సరిగా పనిచేయదని వైద్యులు అనడం వెనక ఉన్న రసాయనం ఇదే.

హార్వర్డ్‌లో ఫిస్క్ దగ్గరే చదువుకున్న జార్జి హిచింగ్స్, ఆయన సహపరిశోధకురాలు గెర్ట్రూడ్ ఎలియన్ ఇదే లాక్టోబాసిల్లస్ కేసీని ముందు పెట్టుకుని, అక్షరాల తయారీని ఆపే అణువుల కోసం ఏళ్ల తరబడి వెతికారు. ఇందాకటి డైహైడ్రోఫోలేట్ రిడక్టేజ్ మెలిక దగ్గర బ్యాక్టీరియాను పట్టే ట్రైమెథోప్రిమ్, మలేరియా జీవిని పట్టే పైరిమెథమిన్ ఆ ప్రయోగశాలలో పుట్టాయి. 1988లో నోబెల్ బహుమతి ఆ ఇద్దరినీ వరించింది. యలమంచిలి మెయిన్ రోడ్డు మందుల దుకాణంలో దొరికే కో-ట్రైమాక్సజోల్ బిళ్లలో సల్ఫా, ట్రైమెథోప్రిమ్ రెండూ ఉంటాయి. ఒకే దారిని రెండు చోట్ల మూస్తాయి. నర్సీపట్నం దాటి ఘాట్ ఎక్కితే వచ్చే చింతపల్లి మన్యంలో ఫాల్సిపేరం మలేరియాకు ఆర్టిసునేట్‌తో కలిపి ఇచ్చే మందు కూడా ఈ దారినే రెండు చోట్ల కాస్తుంది. మలేరియా జీవి బ్యాక్టీరియా కాదు, అయినా ఫోలిక్ ఆమ్లం దగ్గర దానిదీ అదే బలహీనత.

సుబ్బారావు బృందం ఆపే విద్యను మనిషి కణాల మీదికి తెచ్చింది. బోస్టన్ పిల్లల ఆసుపత్రిలో సిడ్నీ ఫార్బర్ రక్త క్యాన్సర్ ఉన్న పిల్లలకు లెడర్లీ నుంచి వచ్చిన ఫోలిక్ ఆమ్లం రూపాలను ఇచ్చి చూశారు. జబ్బు తగ్గకపోగా జోరందుకుంది. పోషణతో జోరు పెరిగితే, దాన్ని ఆపితే తగ్గాలి కదా అన్నది ఆయన తర్కం. ఫోలిక్ ఆమ్లం అణువులో ఒక కొసను మాత్రం మార్చి లెడర్లీ రసాయనవేత్తలు అమైనోప్టెరిన్ తయారు చేసి ఇచ్చారు. 1948 జూన్‌లో ఫార్బర్ ప్రకటించిన ఫలితాల్లో 16 మంది పిల్లలకుగాను 10 మందిలో జబ్బు కొంతకాలం వెనక్కి తగ్గింది. శాశ్వతంగా కాదు. అయినా రక్త క్యాన్సర్‌ను మందు కదిలించగలదని లోకం నమ్మకంగా చూసింది అప్పుడే. దాని తోబుట్టువైన మెథోట్రెక్సేట్ ఈ రోజుకీ క్యాన్సర్ వార్డుల్లో ఉంది, కీళ్లవాతంతో బాధపడేవారి మందుల డబ్బాలోనూ ఉంది. ఏది ఎదగనిస్తుందో తెలుసుకున్నవారికే ఏది నిలువరిస్తుందో తెలిసింది.

ఫలితాలు వెలువడిన రెండు నెలలకు, 1948 ఆగస్టులో, సుబ్బారావు నిద్రలోనే కన్నుమూశారు. వయసు 53. ఆయన మాతృభూమికి తిరిగి రాలేదు. మందులు వచ్చాయి. యలమంచిలి వీధుల్లో బోదకాలు నివారణకు ఇంటింటికీ తిరిగి మింగించిన డీఈసీ మాత్ర ఆయన పరిశోధనాధిపతిగా ఉన్న రోజుల్లో లెడర్లీలో తయారైనదే. గర్భిణులకు 180 రోజులపాటు రోజుకొకటి ఇచ్చే ఎర్ర మాత్రలో ఇనుము 60 మిల్లీగ్రాములు, ఫోలిక్ ఆమ్లం 500 మైక్రోగ్రాములు. బడి పిల్లల్లో పెద్దవారికి వారానికోసారి ఇచ్చే నీలం మాత్రలోనూ అంతే. తనవాళ్లను తీసుకుపోయిన స్ప్రూ జబ్బుకు కూడా ఫోలిక్ ఆమ్లమే మందుగా తేలింది. ఆయన పేరు మీద 1995లో మన దేశం తపాలా బిళ్ల వేసింది, అమెరికాలో ఒక శిలీంధ్రానికి సుబ్బరోమైసిస్ అని పేరు పెట్టారు. మాత్ర మింగే పిల్లల్లో ఎంతమందికి ఆ పేరు తెలుసన్నది వేరే ప్రశ్న. పాఠం చెప్పే టీచరు నీలం మాత్ర పంచేటప్పుడు రెండు నిమిషాలు భీమవరం కుర్రవాడి కథ చెప్తే, మాత్ర కాస్త తేలిగ్గా గొంతు దిగుతుందేమో.

ఎందుకంటే దిగడమే ఇప్పుడు సమస్య. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం ఆంధ్రప్రదేశ్‌లో 15 నుంచి 49 ఏళ్ల స్త్రీలలో సగానికి పైగా రక్తహీనతతో ఉన్నారు. మాత్రలు లేక కాదు. వికారమనీ, మలం నల్లగా వస్తుందనీ, బిడ్డ నల్లగా పుడుతుందనీ, వేడి చేస్తుందనీ పక్కన పెట్టేవారు ఎందరో. చౌకబియ్యంలో ఇనుము, ఫోలిక్ ఆమ్లం, బి12 కలిపిన గింజలను నూటికి ఒక పాలు చొప్పున కలిపి ఇచ్చినప్పుడు, నీళ్లలో తేలిన ఆ గింజలను చూసి ప్లాస్టిక్ బియ్యమని ఏరి పారేసినవారూ ఉన్నారు. వారిని తప్పుపట్టి లాభం లేదు. ఎందుకు కలిపారో చెప్పకుండా కలిపితే అనుమానం రావడం సహజం. ఇనుము మాత్ర మలాన్ని నల్లబరుస్తుంది, అది ప్రమాదం కాదు, బిడ్డ రంగుతో దానికి సంబంధం లేదు, అన్నం తిన్నాక వేసుకుంటే వికారం తగ్గుతుంది అన్న నాలుగు మాటలు మాత్రతో పాటే అందాలి. మాత్ర చేర్చి లెక్క రాసుకోవడం సగం పనే.

ఆపే మందుల విషయంలో మనది దీనికి తలకిందులు. మింగవలసిన విటమిన్‌ను పక్కన పెట్టే మనమే, చీటీ లేకుండా యాంటీబయాటిక్ కొని రెండు రోజులు మింగి మానేస్తాం. సల్ఫాకు లొంగని ఎంజైమ్‌నూ, ట్రైమెథోప్రిమ్‌కు చిక్కని రిడక్టేజ్‌నూ బ్యాక్టీరియా ఇప్పటికే సంపాదించింది. ఆ జన్యువులను ఒకదాని నుంచి ఒకటి అరువు తెచ్చుకుంటుంది కూడా. మందు అవసరం లేని జ్వరానికి మందు వాడిన ప్రతిసారీ ఆ అరువుకు మనమే పూచీ పడుతున్నట్టు.

పరాధీనత అన్న మాటలో మనకు చిన్నతనం ధ్వనిస్తుంది. ఎవరి దగ్గరా చేయి చాచని బతుకే గొప్పదని పెద్దలు చెప్పారు, అది మనుషుల పౌరుషానికి సరిపోయే మాటే. కానీ జీవరాశి అలా నడవడం లేదు. పులుపు బ్యాక్టీరియా పిండి మీద, మనం ఆకుకూర మీద, ఆవు తన పొట్టలోని బ్యాక్టీరియా మీద, మనం ఆ ఆవు పాల మీద ఆధారపడి బతుకుతున్నాం. ఎవరికి ఏది లేదో తెలియడం వల్లే విటమిన్ల శాస్త్రం పుట్టింది. తేటగా మిగిలిపోయిన గొట్టాన్ని పారబోయకుండా, ఇందులో ఏమి తక్కువైందని అడిగినవారే ఫోలిక్ ఆమ్లాన్ని కనిపెట్టారు.

ఆ ప్రశ్నే ఇప్పుడు పంచాయతీల్లో, అంగన్‌వాడీల్లో, బడుల్లో అడగవలసి ఉంది. మాత్రలు ఎన్ని పంచారన్నది కాదు, ఎవరు మింగలేదు, ఎందుకు మింగలేదు, వారి రక్తంలో హిమోగ్లోబిన్ ఎంత ఉంది అన్నది రిజిస్టరులో చేరాలి. ఆశా కార్యకర్తకు ఆ మాట అడిగే తీరిక ఇవ్వాలి, విన్నదాన్ని పై అధికారి విసుక్కోకుండా వినాలి. ఫలానా అమ్మాయికి మాత్ర పడలేదంటే అది కార్యక్రమానికి మచ్చ కాదు, కార్యక్రమం సరిదిద్దుకోవలసిన చోటును చూపే సమాచారం. ఒక బ్యాక్టీరియా ఎదగకపోతే ఎందుకని ఏళ్ల తరబడి వెతికిన ఓపిక మన శాస్త్రవేత్తకు ఉంది. ఒక అమ్మాయి ఎదగకపోతే ఎందుకని అడిగే ఓపిక మన వ్యవస్థకు ఉండాలని కోరడం అత్యాశ కాదు.